ఎలీశమ్మక్క విప్పించిన టోపీ

ఈ మధ్య భివండి రోడ్ స్టేషన్‌లో రైలు కోసం కూర్చుని ఉండగా వేళ కాని వేళ వాన పడింది. తడిసిన ఊలు శాలువాతో ఒకావిడ వచ్చి నా పక్కన కూర్చుంది. తడి ఊలు వాసన తగలగానే పాతికేళ్ల కిందటి మా వరండా, అక్కడి దండెం మీద నీళ్లు కారుతూ వేలాడే ఊలు పోగులు, వాటిని ఆరేసిన ఎలీశమ్మక్క గుర్తుకొచ్చింది.

అప్పుడు ఈ భివండి మగ్గాల బస్తీలోనే మాదీ ఆమెదీ పక్కపక్క గదులు. కరీంనగర్ వైపు నుంచి వచ్చిన మనిషి. భర్త లేడు, కూతురు పెళ్లయి నిజామాబాద్‌లో ఉండేది. మా ఆయన మగ్గాలు నడిపే కార్ఖానాలోనే ఆమె నూలు కండెలు చుట్టేది. చిన్నప్పుడు మిషన్ హాస్టల్‌లో అల్లిక నేర్చుకుందట. ఒకసారి యంత్రం పట్టాలో చెయ్యి పడి కుడిచేతి రెండు వేళ్లు బిగుసుకుపోయాయి. అప్పటినుంచి అల్లిక సూదులు పెట్టె అడుగుకు చేరాయి.

మా అబ్బాయి కిరణ్‌కు ఎనిమిదేళ్లప్పుడు చెవికి ఆపరేషన్ అయింది. చలికాలమంతా చల్లగాలి తగలనివ్వొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. బడేమో పొద్దున్నే. వాడికి లోకమంతా ఒకెత్తు, నుదుటి మీద పైకి దువ్వుకునే జుట్టు ఒకెత్తు. చొక్కా జేబులో దువ్వెన లేనిదే గడప దాటేవాడు కాదు. బజార్లో మంకీ క్యాప్ కొని తెస్తే జుట్టు అణిగిపోతుందని వెనక మురుగునీటి మోరీలో పడేశాడు. మఫ్లర్ కడితే సందు మలుపులో విప్పి సంచిలో కుక్కేవాడు. వారం తిరక్కుండా చెవి మళ్లీ నొప్పి పెట్టింది. మా ఆయన కోపం ఆపుకోలేక, గుండు చేయిస్తే పీడా పోతుందని వాణ్ణి రెక్క పట్టుకుని బయటికి లాగాడు.

ఎలీశమ్మక్క తన గుమ్మంలోంచి లేచి వచ్చి అడ్డం నిలబడింది. "గుండు చేపిస్తే చెవు బాగైతదా తమ్మీ? గాలి ఇంకింత కొడ్తది," అంది. గొంతు పెంచలేదు. ఆయన చెయ్యి వదిలేశాడు. ఆమె నా వైపు తిరిగి, మనమే టోపీ అల్లుదాం అంది. మనమే అంటే నేనని తర్వాత తెలిసింది.

అంతకుముందు నేను సూది పట్టింది గుండీలు కుట్టడానికే. మొదటి టోపీ వాడి తలకు దిగనేలేదు. రెండోది గోధుమరంగుది, బాగానే కుదిరిందనుకున్నాను. వాడు అద్దంలో ఒక్కసారి చూసుకుని, తాత టోపీ అని తీసేశాడు. రెండుసార్లూ అక్క చెప్పింది ఒకటే మాట, విప్పమని. విప్పిన ఊలు ముడతలు పడుతుంది కదా, దాన్ని తడిపి దండెం మీద వేసి సాపు చేసేది. రెండోసారి నాకు ఏడుపొచ్చింది. సూదులు ఆమె ముందు పెట్టి, నాతో కాదు, నువ్వే అల్లిపెట్టు అన్నాను.

ఆమె కుడిచెయ్యి చాపి చూపించింది. "ఇవి వంగితే నిన్ను బతిమాలుదునా చెల్లె? నీ చేతులు మంచిగనే ఉన్నయి. ఊలు ఎన్నిమాట్లు విప్పినా ఖరాబు కాదు," అంది. సూదులు తిరిగి నా చేతిలో పెట్టి, "వాడు ఏం వద్దంటున్నడో అందరు విన్నరు. ఏం గావాల్నో ఒక్కలన్న అడిగిన్రా?" అంది.

వాణ్ణి పిలిచి, చేతికి సుద్దముక్క ఇచ్చి బండ మీద గీయమంది. వాడు ఎంతో శ్రద్ధగా గీశాడు. చెవుల మీదికి రెండు రెక్కలు, గడ్డం కింద ముడి, నుదుటి దగ్గర మాత్రం తెరిచి ఉండాలి. నలుపు మీద ఎర్ర పట్టీ. "పెద్దమ్మా, సామ్నే బాల్ దిఖ్నా, ముందటి జుట్టు కనబడాలె. లేకుంటే నేను పెట్టుకోను," అన్నాడు. చెవులు కప్పుకుంటే నుదురు నీ ఇష్టమని ఆమె ఒప్పందం చేసుకుంది. ఆ తెరిచిన చోటు అంచు వదులుకాకుండా ఎలా బిగించాలో ఆమెకూ వెంటనే తోచలేదు. ఇద్దరం అల్లుతూ, విప్పుతూ కనిపెట్టాం. ఒక కుట్టు జారితే నా వేలు పట్టుకుని వెనక్కి తీసుకెళ్లేది.

పూర్తయిన రోజు వాడు అద్దం ముందు చాలాసేపు నిలబడ్డాడు. దువ్వెన తీసి ముందరి జుట్టు లేపుకున్నాడు. సంచి భుజాన వేసుకుని బడికి వెళ్లిపోయాడు. అక్క గుమ్మంలో నిలబడి వాడు మలుపు దాటేదాకా చూసింది. టోపీ తలమీదనే ఉంది. చలికాలం గడిచేసరికి చెవి మానింది.

కొన్నేళ్లకు ఎలీశమ్మక్క కూతురి దగ్గరికి వెళ్లిపోయింది. అక్కడే పోయిందని తర్వాత కబురు వచ్చింది. అల్లిక నాకు ఇప్పటికీ గొప్పగా రాదు. ఆమె దగ్గర నేను నేర్చుకున్నది అల్లిక ఒక్కటే కాదు.

మొన్నామధ్య మా అత్తమ్మ నడుం విరిగి మంచాన పడింది. గాలి తగలకుండా లోపలి గదిలో పడుకోబెట్టాలని ఇంట్లో అందరూ తీర్మానించారు. ఆమె అన్నం మానేసింది. మొండితనమన్నారు. నేను మంచం పక్కన కూర్చుని, "నీకెట్ల గావాలె అత్తమ్మా?" అని అడిగాను. ఆమె తల నా వైపు తిప్పి, "వచ్చేటోళ్లు పోయేటోళ్లు కండ్లవడాలె," అంది. గుమ్మం దగ్గర చోటు లేదని మా ఆయన అన్నాడు. బీరువా లోపలికి నెట్టించి, మంచం ముందరికి వేయించాను. ఆ పూట ఆమె గుమ్మంలోంచి సందులోకి చూస్తూ, గిన్నెడు అన్నం తనే కలుపుకుని తిన్నది.