మల్లి చెవుల్లో దూది

మొన్న ఆదివారం బాపట్ల మార్కెట్లో కూరగాయలు కొనుక్కుని వస్తుంటే పెళ్ళి ఊరేగింపు ఎదురైంది. డప్పుల చప్పుడు కన్నా ముందు వాసన తగిలింది. ఎండలో చెమట పట్టిన గుర్రం వాసన, దానితో కలిసిన తడి తోలు వాసన. పదమూడేళ్ళయినా ఆ వాసనకు నా చేతులు వాటంతట అవే పిడికిళ్ళవుతాయి. జనం మధ్యలో ఒక తెల్ల గుర్రం ఉన్నచోటే కాళ్ళు ఎత్తి దించుతోంది. చుట్టూ ఫోన్లు లేచాయి. "భలే డాన్స్ చేస్తోంది కదండీ" అని నా పక్కనున్నావిడ మురిసిపోయింది. అది డాన్స్ కాదని చెప్పబోయాను కానీ, నోరు తెరిస్తే నా గొంతు ఎంత దూరం వెళ్తుందో నాకు తెలుసు కనుక ఊరుకున్నాను. ఆ మాట నాకు చెప్పింది ఇస్రాయేలు మాస్టారు. ఆయన పోయి రెండేళ్ళయింది.

ఆయన బళ్ళో పాఠాలు చెప్పిన మాస్టారు కాదు. హైదరాబాదులో గుర్రపు పోలీసుగా చేసి, రిటైరయ్యాక తెనాలి పక్కన అంగలకుదురులో ఇల్లు కట్టుకున్నారు. నేను డిగ్రీ చదివే రోజుల్లో ఒక కండక్టరు చెయ్యెత్తినా బస్సు ఆపకుండా పోతే, ఆ బస్సు కనుమరుగయ్యేదాకా రోడ్డు మధ్యన నిలబడి తిట్టాను. స్టాపులో కూర్చున్న ఒక పొడుగాటి పెద్దాయన అంతా విని, "అంత కోపం ఊరికే పోతోందమ్మా. గుర్రమెక్కుతావా?" అని అడిగారు. ఆయన నన్ను వెక్కిరిస్తున్నారనుకుని ఆయన మీద కూడా అరిచాను. మర్నాడు మాత్రం ఆయన ఇంటి పక్కనున్న గుర్రపు పాకకు వెళ్ళాను.

ఆ పాకలో ఉన్న ఒకే ఒక్క గుర్రం మల్లి. తెల్లటి ఆడ గుర్రం. అంతకు ముందు పెళ్ళిళ్ళలో తిరిగింది. దాని అవస్థ చూడలేక మాస్టారు ఊళ్ళోని రైసుమిల్లు యజమానిని బతిమాలి బ్యాండు వాళ్ళ దగ్గర నుంచి కొనిపించారు. నేను వెళ్ళిన వారంలోనే ఎక్కడో డప్పులు మోగాయి. కట్టేసి ఉన్న మల్లి ఒక్కసారిగా కాళ్ళు ఎత్తి దించడం మొదలుపెట్టింది. నేను నవ్వి చప్పట్లు కొట్టాను. మాస్టారు వచ్చి నా రెండు చేతులూ పట్టుకుని ఆపారు.

"అది డాన్స్ కాదమ్మా. కాళ్ళకు తాళ్ళు కట్టి, డప్పు కొడుతూ, కాలు దించితే బెత్తంతో కొట్టి నేర్పుతారు. డప్పు వినపడితే దానికి పారిపోవాలనిపిస్తుంది. దారి ఉండదు. అందుకని ఉన్నచోటే పరిగెడుతుంది."

ఆయన జేబులోంచి దూది తీసి దాని చెవుల్లో పెట్టారు. కాసేపటికి కాళ్ళు ఆగాయి. నేను చూసిన ఊరేగింపులన్నీ ఆ రోజు గుర్తొచ్చి కడుపు మండిపోయింది. నేర్పినవాళ్ళను ఏం చేయాలండి అని అడిగితే, "వాళ్ళ సంగతి తరువాత. ముందు నీ చేతులు చూసుకో" అన్నారు.

నా చేతుల సంగతి నాకు త్వరలోనే తెలిసింది. కోపం వస్తే నేను పగ్గాలు గుంజుతాను. గుంజితే ఇనుప కళ్ళెం గుర్రం నోట్లో కోసుకుంటుంది. మాస్టారు తిట్టలేదు. రెండు పగ్గాలనూ మధ్యలో కోసి, ఆ తెగిన చోట కుట్టుమిషను దారంతో ముడేశారు. కాస్త గట్టిగా లాగితే దారం పుటుక్కుమంటుంది. మొదటి నెలలో ఎన్నిసార్లు తెంపానో నాకే తెలియదు. తెంపిన ప్రతిసారీ దిగి, ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని ముడేసేదాకా నిలబడాలి. "కోపం రాకుండా ఉండదమ్మా నీకు. వచ్చినప్పుడు వేళ్ళు తెరువు, అంతే" అనేవారు. అది వినీ వినీ ఆయన మీదే కోపమొచ్చేది. ఏడాది గడిచాక ఒక ఉదయం మల్లిని వ్యానులో రామాపురం తీరానికి తీసుకెళ్ళాం. అలలు కాళ్ళకు తగిలి అది బెదిరినా, ఒడ్డు వెంట చివరిదాకా వెళ్ళి తిరిగొచ్చాను. దారం తెగలేదు. మాస్టారు ఆ దారాన్ని వేలితో తడిమి, టీ తాగడానికి వెళ్ళిపోయారు.

ఆ సంవత్సరమే బాపట్ల దగ్గర ఒక తోటలో ఔత్సాహిక రౌతులకు డ్రెస్సాజ్ పోటీ పెట్టారు. తెల్ల చెక్కలతో కట్టిన బరిలోకి వెళ్ళి, చెప్పిన చోట చెప్పిన నడక నడిపించాలి. గుర్రం నెమ్మదిగా, రౌతు చెయ్యి కదిలినట్టే కనపడకుండా. మిల్లు యజమానికి మల్లి మీద అప్పటికే మోజు తీరిపోయింది. "పోటీలో పరువు నిలబెడితే నీ దగ్గరే ఉంచుతా ఇస్రాయేలూ. లేదంటే బ్యాండు వాళ్ళు అడుగుతూనే ఉన్నారు" అని నా ఎదురుగానే చెప్పాడు. మల్లి మళ్ళీ డప్పుల మధ్యకు పోకుండా ఉండాలంటే ఆ ఒక్క పూట అది నెమ్మదిగా ఉండాలి.

పోటీలో చెవుల్లో దూది పెట్టనివ్వరు. అందుకని మాస్టారు వారం ముందే నన్ను అడిగారు. "మీ వాళ్ళు వస్తున్నారుగా. మల్లికి డప్పు పడదని చెప్పావా?"

"చెప్పానండి" అన్నాను.

చెప్పలేదు. మల్లి పెళ్ళి గుర్రమని మా ఇంట్లో ఎవరికీ తెలియదు. రేసుల్లో పరిగెత్తిన గుర్రమని గొప్పలు పోయాను. పెళ్ళి గుర్రమంటే రేపల్లె బాబాయ్ నవ్వుతాడని నా భయం. మా ఇంట్లో ఎవరికి ర్యాంకు వచ్చినా, ఎవరు వార్డు మెంబరుగా గెలిచినా డప్పులు ఉండాల్సిందే. ఆ సంగతి నాకు తెలియనిది కాదు.

బరిలోకి వెళ్ళేముందు మాస్టారు మల్లి చెవుల్లో దూది తీసి తన చొక్కా జేబులో వేసుకున్నారు. మధ్య గీత మీదుగా తీసుకెళ్ళి ఆపాను. రాయిలా నిలబడింది. నేను జడ్జీకి తల వంచాను. తల ఎత్తేలోపు చెక్కల అవతల నాలుగు డప్పులు ఒక్కసారిగా మోగాయి. బాబాయ్ రేపల్లె నుంచి ట్రాలీ ఆటోలో తెచ్చాడు. నాకు చెప్పకుండా, సంతోషపెడదామని. మల్లి ఉన్నచోటే కాళ్ళు ఎత్తి దించడం మొదలుపెట్టింది. జనం చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లకు డప్పులు ఇంకా పెంచారు. బాబాయ్ మీద, జనం మీద, నా అబద్ధం మీద వచ్చిన కోపమంతా నా చేతుల్లోకి దిగింది. ఆ రోజు పగ్గాలకు దారం లేదు. బలమంతా పెట్టి గుంజాను. ఒకసారి కాదు, మూడుసార్లు. మల్లి ఎడమ పెదవి మూల తెగి తెల్లటి మెడ మీద రక్తం చిందింది. గంట కొట్టారు. రక్తం కనపడితే పోటీ అక్కడితో సరి.

మాస్టారు బరిలోకి వచ్చి "దిగమ్మా" అన్నారు. అంతే. దాని చెవుల్లో మళ్ళీ దూది పెట్టి నడిపించుకుపోయారు. బాబాయ్ బిక్కమొహం వేసుకుని, "నీ కోసమే కదా అమ్మాయ్ తెచ్చింది" అన్నాడు. ఆయన్ను నానా మాటలూ అన్నాను. తనేం తప్పు చేశాడో ఆయనకు నేను ఇప్పటికీ చెప్పలేదు.

పది రోజులకే మల్లిని బ్యాండు వాళ్ళు తీసుకుపోయారు. అప్పటికింకా దాని పెదవి మానలేదు. నేను మాస్టారి ముందు నిలబడి నా అబద్ధం సంగతి చెప్పేసి, తిట్టండి అన్నాను.

"తిడితే నీకు తేలికవుతుంది. ఆ పని నేను చెయ్యను" అన్నారాయన.

అంత కఠినమైన మాట నన్ను ఇంతవరకూ ఎవరూ అనలేదు. చాలాకాలం ఆయన మీద కోపంగా తిరిగాను. ఆయన మాత్రం ఆదివారాలు చర్చి అయ్యాక బస్సెక్కి పిట్టలవానిపాలెం, రేపల్లె, ఎక్కడ బ్యాండు షెడ్డు ఉందంటే అక్కడికి వెళ్ళి మల్లి కోసం వెతికేవారు. దొరకలేదు. కనపడిన ప్రతి గుర్రం చెవుల్లో దూది పెట్టి వచ్చేవారు. చివరి రోజుల్లో చూడటానికి వెళితే, తలగడ పక్కనున్న దూది చుట్ట నా చేతిలో పెట్టారు.

అది ఎప్పుడూ నా సంచిలో ఉంటుంది. మొన్న కూరగాయలు పక్కన పెట్టి జనంలోకి తోసుకుంటూ వెళ్ళాను. గుర్రాన్ని పట్టుకున్నాయన "ఏంటండి, ఏం చేస్తున్నారు?" అన్నాడు. ఆయన చేతిలోని బెత్తం లాక్కుని విరిచేయాలనిపించింది. వేళ్ళు తెరిచాను.

"భయపడుతోందండి. చెవుల్లో దూది పెడతాను, కాస్త పట్టుకోండి" అన్నాను.

ఆయన పట్టుకున్నాడు. దూది పెట్టి, ఎడమ పెదవి మూల పైకెత్తి చూశాను. ఏ గుర్రాన్నయినా నేను ముందు చూసేది అక్కడే. మచ్చ లేదు. డప్పులు మోగుతూనే ఉన్నాయి కానీ దాని కాళ్ళు కొంచెం కొంచెంగా నెమ్మదించాయి. "ఇదేంటి, ఆగిపోయింది" అని ఎవరో విసుక్కున్నారు. నేను కూరగాయలు తీసుకుని బయటపడి, మూల మీద మందుల షాపులో ఇంకో దూది చుట్ట కొనుక్కున్నాను.