ఏమీ రాయవద్దని రాసిన ఒక లైను

ఈ మధ్య దిండ్లు బాగుండటం లేదు. ఎగ్జిబిషన్‌లో స్పాంజి దిండు ఒకటి కొన్నాను. అమ్మినతను దాన్ని పిడికిలితో గట్టిగా గుద్ది, అది మళ్లీ పైకి లేచేదాకా ఆగి, చూశారా సార్ అన్నాడు. నిజమే, దిండు లేచింది. నా మెడే లేవడం లేదు. నెల రోజులుగా తల ఎడమవైపుకే తిరుగుతోంది. కుడివైపు కూర్చునేవాళ్లతో నాకు సంబంధాలు దెబ్బతింటున్నాయి. అటక మీద పాత దూది దిండు ఉంది కదా, దాన్ని ఏకించి మళ్లీ కుట్టించుకో అంది నా భార్య. మంచి మాటే. కానీ దూదేకేవాళ్ల ఫోన్ నంబరు ఎవరి దగ్గరా లేదు.

నా దగ్గర ఒక పుస్తకం ఉంది. కర్నూలులోని దుకాణాల, చేతిపనివాళ్ల డైరెక్టరీ. ఆరేళ్ల కిందటిది. అందులో దూదేకేవాళ్లు ఒక్కరూ లేరు. వెతకనవసరం లేకుండానే ఆ సంగతి నాకు తెలుసు. వాళ్లను తీసేసింది నేనే.

ఈ మాట ఆరేళ్లు ఎవరికీ చెప్పలేదు. ఇలాంటివి మోసేవాళ్లు గుండె మీద బండ అంటుంటారు. నాది అంత ఘనమైన బరువు కాదు. జేబులో మరిచిపోయిన తాళంచెవి లాంటిది. నా పనుల్లో నేను ఉంటాను. ఉన్నట్టుండి చేయి జేబులోకి పోతుంది. అప్పుడు గుర్తొస్తుంది, తలుపు ముందు ఎవరో నిలబడే ఉన్నారని. మీరు నాకు తెలియదు, నేను మీకు తెలియదు. ఇలాంటివి చెప్పుకోవడానికి అంతకంటే మంచి పరిచయం ఉండదు.

అప్పటికి డిగ్రీ అయిపోయి, కంప్యూటర్ కోర్సు ఒకటి చేసి, పాత ఊళ్లో ఒక ప్రింటింగ్ ప్రెస్‌లో చేరాను. వ్యాపారుల సంఘం ఒకటి డైరెక్టరీ వేయించాలనుకుంది. ఒకసారి టైపు చేస్తే చాలు సార్, అదే పుస్తకమవుతుంది, అదే సీడీ అవుతుంది, అదే ఇంటర్నెట్ పేజీ అవుతుంది అని మా ఓనరుకు నేనే చెప్పాను. నాకు అప్పటికి ఆ విద్య రాదు. ముందు చెప్పేసి, తర్వాత నేర్చుకోవడం మొదలుపెట్టాను. మా బ్యాచ్‌లో అందరి పద్ధతీ అదే.

విద్య గురించి నాలుగు మాటలు చెప్పాలి, లేకపోతే నేను చేసింది మీకు అర్థం కాదు. మనుషుల వివరాలన్నీ ఎక్స్‌ఎమ్‌ఎల్ అనే రకం ఫైల్లో ఉంటాయి. ఇది ఇంటిపేరు, ఇది పేరు, ఇది పని, ఇది వీధి, ఇది ఫోను అని ప్రతిదానికీ గుర్తు తగిలించి ఉంటుంది. అవి పేజీ మీద ఎట్లా కనపడాలో ఇంకో ఫైల్లో రాస్తాం. దాన్ని స్టైల్‌షీట్ అంటారు. అందులో మనం రాసేవన్నీ ఒకే తరహా మాటలు. ఇలాంటిది కనిపిస్తే ఇలా రాయి. ఇంటిపేరు కనిపిస్తే లావు అక్షరాల్లో రాయి. ఫోన్ నంబరు కనిపిస్తే కుడిపక్కకు జరుపు. అంతే.

హైదరాబాదు నుంచి ఎవరో తెచ్చిన పుస్తకానికి జిరాక్స్ తీయించి నేర్చుకున్నాను. జిరాక్స్ తీసినవాడు అక్కడక్కడా రెండేసి పేజీలు కలిపి తిప్పేశాడు. కాబట్టి నా చదువులోనూ ఆ మేరకు సందులున్నాయి.

మొదటివారం నాకు ఏదీ రాలేదు. ఏ షరతూ చెప్పకపోతే ఆ యంత్రం ఉన్నదంతా ఒకే ముద్దగా కక్కేస్తుంది. పేరు, వీధి, నంబరు, పక్కవాడి పేరు, అన్నీ కలిసిపోయి. తల పట్టుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే ఆ ముద్దే న్యాయమైనది. అందులో ఎవరూ తప్పిపోలేదు. ఎవరినైనా వదిలేయాలంటే దానంతట అది వదలదు. మనం పని పెట్టుకుని చెప్పాలి.

దుకాణాలవాళ్లు, పనివాళ్లు నింపిచ్చిన ఫారాలు చూసి టైపు చేసేది షంషాద్. నాకంటే రెండేళ్లు పెద్దది, అక్కా అనేవాణ్ణి. వాళ్ల ఇంట్లో ఆడపిల్ల బయటికొచ్చి పనిచేయడం ఆమెతోనే మొదలు. వాళ్ల నాన్న నబీ సాబ్ దూదేకి పరుపులు కుట్టేవాడు. ఒప్పుకోడానికి ఏడాది పట్టిందట. ఆయన ఫారాన్ని ఆమే నింపించి తెచ్చింది. కట్టలో అన్నిటికంటే పైన పెట్టి మొదట అదే టైపు చేసింది. చేయబోతూ నా వైపు తిరిగింది.

"ఇంటిపేరు గడిలో ఏం పెట్టాలప్పా? మావాళ్లు కొందరు షేక్ అని రాసిచ్చినారు, కొందరు ఏమీ రాయలే. మా నాయన కూడా రాయలే."

"ఖాళీగా వదిలెయ్ అక్కా. నేను చూసుకుంటా."

"మళ్లా ఏం తేడా రాదు కదా?"

"అది కంప్యూటరక్కా. దానికి తేడాలు తెలీవు."

ఆమె నవ్వింది. జోకులు చాలా వేశాను జీవితంలో. అంతగా ఎదురు తిరిగింది ఇంకోటి లేదు.

డైరెక్టరీ ఇంటిపేరు మొదటి అక్షరం ప్రకారం పేర్చాలి. ప్రతి అక్షరానికీ పైన నల్లటి గడి, గడిలో తెల్లగా ఆ అక్షరం. చూడ్డానికి బాగుండేది. ఒక్కటే చిక్కు. ఇంటిపేరు లేనివాళ్లంతా అందరికంటే ముందు, అ అక్షరానికి పైన వచ్చి కూర్చున్నారు. వాళ్ల నెత్తిన నల్లటి గడి ఉంది, గడిలో అక్షరం లేదు. ఓనరు మొదటి పేజీ చూసి, ఏందప్పా ఇది, పన్నూడిన నోరు మాదిరి ఉండాది అన్నాడు. పొద్దున అచ్చుకు ప్లేట్లు తీయాలి, సరిచెయ్యి అన్నాడు.

సరిచేయడం ఎట్లాగో తెలుసు. ఇంటిపేరు లేకపోతే పేరులోని మొదటి అక్షరం తీసుకో అని చెప్పాలి. అది ఎట్లా రాయాలన్నదే తెలియదు. ఇది లేకపోతే అది అని చెప్పే పద్ధతి నా జిరాక్స్‌లో తప్పిపోయిన పేజీల్లో ఉంది. మధ్యాహ్నమంతా నాకు తోచినట్టు రాసి చూశాను. ప్రతిసారీ గడి ఇంకా పెద్దదైంది. చివరికి ఒక లైను రాశాను. ఇంటిపేరు ఖాళీగా ఉన్న మనిషి కనిపిస్తే, అని మొదలుపెట్టి, ఏం చేయాలో చెప్పకుండా ముగించేశాను. ఏమీ రాయవద్దని చెప్పడం అట్లాగే.

గడి పోయింది. పేజీ అ తో మొదలైంది, గుడిమెట్టులా తీరుగా. ఓనరు మెచ్చుకున్నాడు. పుస్తకం కొంచెం పలచబడిందని, కాగితం కలిసొచ్చిందని కూడా సంతోషించాడు.

గడితో పాటు ఏం పోయిందో నాకు తెలియదా? ఇన్నేళ్లూ నాతో నేను ఇక్కడే బేరమాడాను. ఒత్తిడిలో గమనించలేదని కొన్నాళ్లు, సీడీలో ఎట్లాగూ సరిచేద్దామనుకున్నానని కొన్నాళ్లు చెప్పుకున్నాను. అవేవీ కాదు. తెలుసు. ఆ లైనుకు ఇంకో అర్థం లేదు, రాసినవాణ్ణి నేనే. తెలిసి, తర్వాత చూద్దాంలే అనుకుని, టీ తాగడానికి పోయాను. ఇంతకంటే పెద్ద కారణం ఏదైనా ఉంటే బాగుండునని వెతికాను, మీరు నమ్మండి. దొరకలేదు. పేజీ అందంగా ఉండాలని, అంతే.

అచ్చయ్యాక ఎవరూ చూడలేదా అని మీరు అడగవచ్చు. అందరూ చూశారు. డైరెక్టరీలో ఎవరైనా చూసేది తన పేరే. పేరున్నవాళ్లకు పుస్తకంలో ఏ తప్పూ కనపడలేదు.

విడుదల సభకు నబీ సాబ్ వచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. చెవి పక్కన వెంట్రుకల్లో మాత్రం దూదిపోగు ఒకటి మిగిలిపోయింది. వెనక వరుసలో కూర్చుని పుస్తకం ఒళ్లో పెట్టుకుని, వేలు పెట్టి, అ నుంచి మొదలుపెట్టాడు. తొందర లేదు ఆయనకు. చివరి పేజీ దాకా పోయాడు. పుస్తకం మూసి, అట్ట చూసి, మళ్లీ అ దగ్గరికి వచ్చాడు. నేను వేదిక పక్కన మైకు వైరు సర్దుతున్నాను. సర్దడానికి అక్కడేమీ లేదు.

మరుసటి రోజు ప్రెస్‌కు పదిమంది దాకా వచ్చారు. తాళాలు బాగుచేసేవాళ్లు, దర్జీలు, రేకుపని చేసేవాళ్లు. గొడవ చేయలేదు. మావాళ్లు అక్కడొకరు ఇక్కడొకరు తప్ప లేరే, ఎందుకు తీసేశారు అని మాత్రం అడిగారు. ఓనరు నన్ను లోపలికి పిలిచాడు. షంషాద్ తలుపు దగ్గర నిలబడి ఉంది. ఎట్లా జరిగింది అన్నాడు ఓనరు.

"డేటాలోనే ఆ గడి ఖాళీగా ఉంది సార్."

అందులో ఒక్క అబద్ధం లేదు. కావాలంటే ఫైలు తెరిచి చూపించగలను. షంషాద్ నా వైపు చూసింది. కోపంగా కాదు. నా మాట ఇంకా పూర్తి కాలేదనుకున్నట్టు, మిగతాది కూడా చెప్తానని ఎదురుచూస్తున్నట్టు చూసింది. నేను నేల చూశాను. నేను వదలమన్నాను అని ఒక్క మాట. వదిలినా తీసేసింది నేను అని ఇంకో మాట చెప్తే చాలు. ఆ తర్వాత ఎన్నోసార్లు, ఒక్కణ్ణే ఉన్నప్పుడు, బైకు మీద పోతూ, ఆ వాక్యాన్ని పూర్తి చేశాను. బాగా చెప్పాను కూడా.

ఓనరు బయటికిపోయి, మీ పిల్లే టైపు చేసింది, ఆ పిల్లే వదిలేసింది, మాదేముందప్పా అన్నాడు. అంతే, సద్దుమణిగింది. వాళ్లకు కోపపడడానికి తమ మనిషే మిగిలింది. మరునాటి నుంచి షంషాద్ రాలేదు. రావద్దని ఎవరన్నారో, ప్రెస్‌వాళ్లో ఇంట్లోవాళ్లో, నేను అడగలేదు. తప్పిపోయిన పేర్లతో అనుబంధం వేస్తామన్నారు. వేయలేదు.

పది రోజుల తర్వాత నెట్ సెంటర్‌లో ఆ తప్పిపోయిన పేజీల సంగతి దొరికింది. నాలుగు లైన్లు. రాసి చూశాను. అందరూ వచ్చేశారు. నబీ సాబ్, దూదేకి పరుపులు కుట్టబడును, న కింద, మూడోవాడు. కాసేపు చూసి ఫైలు మూసేశాను. ఆ పుస్తకమే చూపించి తర్వాత హైదరాబాదులో ఉద్యోగం తెచ్చుకున్నాను. పేజీలు చాలా నీట్‌గా ఉన్నాయన్నారు.

ఇప్పుడు మళ్లీ కర్నూలుకే వచ్చి, పక్కనే కల్లూరులో ఉంటున్నాం. పోయిన వారం షేర్ ఆటోలో దిండు ఒళ్లో పెట్టుకుని, వాళ్లనూ వీళ్లనూ అడుగుతూ దూదేకే చోటు పట్టుకున్నాను. షెడ్డులో ఉన్నది నబీ సాబే. నన్ను గుర్తుపట్టలేదు. నేను ఆయన్ను చూశానే గానీ ఆయన నన్ను చూసింది ఎప్పుడు? కరెంటు లేక మిషను ఆగిపోయి ఉంది. పాత విల్లు తీసి దూది ఏకుతున్నాడు. దిండు అందుకుని, చీటీ మీద రాయడానికి పేరు అడిగాడు. అలవాటు ప్రకారం ఇంటిపేరుతో మొదలుపెట్టి చెప్పాను. ఆయన ఒక్క అక్షరం వదలకుండా రాసుకున్నాడు.

పోవచ్చు అక్కడి నుంచి. పోలేదు. పిల్లలెంతమంది అని అడిగాను, తెలిసే. ఒక్కతే బిడ్డ అన్నాడు. కడపలో వాళ్ల పిన్నమ్మ ఇంట్లో ఉంటుందట, జిరాక్స్ షాపులో పని. పండగకు వస్తుంది, వండుతుంది, తింటుంది, పోతుంది. ఆమెతో తాను మాట్లాడడట. ఎందుకని నేను అడగకముందే చెప్పాడు. నలుగురిలో తల ఎత్తుకోకుండా చేసింది, అంతమందినీ పుస్తకంలో లేకుండా చేసింది, నన్ను కూడా, అన్నాడు. వేడి లేకుండా చెప్పాడు, వాన పడలేదని చెప్పినట్టు.

అప్పుడు చెప్పాను. నల్ల గడి సంగతి, ఆ లైను సంగతి, ఖాళీగా వదలమన్నది నేనేనని, తలుపు దగ్గర నేను పూర్తి చేయని వాక్యం. కంప్యూటరు మాట ఒక్కటి కూడా అవసరం పడలేదు. చెప్తుంటే ఒళ్లు తేలికైంది. సిగ్గులేని తేలిక. అది కూడా నాకే దక్కింది. విల్లు చప్పుడు ఎప్పుడు ఆగిందో గమనించలేదు. తిడతాడని ఎదురుచూశాను. తిట్టే ముందు ఊపిరి పీల్చుకుంటున్నాడనే అనుకున్నాను.

నా పేరు ఏ అక్షరం కింద వస్తుండె అని అడిగాడు. న కింద అన్నాను. తల ఊపాడు. చేతిలోని దూదిని కాసేపు అటూ ఇటూ విప్పాడు.

"ఇదే మాట ఆ పొద్దే నా బిడ్డ చెప్పిండె. నేను నమ్మలే. నువ్వు చెప్తే నమ్ముతాండా."