సాక్సులు తొడిగిన చేతులు

మా అక్క పోయాక ఆమె అలమర సర్దుతుంటే మంచి బట్టల కన్నా జత లేని సాక్సులే ఎక్కువ దొరికాయి. అన్నీ మందపాటివి, కొన్నిటికి వేళ్ళ దగ్గర చిరుగులు కుట్టి ఉన్నాయి. బావ వాటిలో ఒకటి తీసి అలవాటుగా చేతికి తొడుక్కున్నాడు. ఎందుకో నాకు తెలుసు కాబట్టి ఇద్దరం నవ్వుకున్నాం.

అక్క చిన్నపిల్లల బడిలో టీచరు. మూడేళ్ళవాళ్ళు, నాలుగేళ్ళవాళ్ళు. వాళ్ళ చేత అక్షరాలు దిద్దించమని తల్లులు ఎంత పోరినా వినేది కాదు. "ముందు వేళ్ళూ కాళ్ళూ వాళ్ళ మాట వినాలి. పెన్సిలు ఎక్కడికి పోతుంది?" అనేది. అందుకని ఆమె అసలు పని ఆటలు ఎంచడం. పూసలు గుచ్చే ఆట, గుండీలు పెట్టే గుడ్డ, గిన్నె అంచుకి బట్టల క్లిప్పులు తగిలించడం, స్పాంజితో నీళ్ళు ఈ గిన్నెలోంచి ఆ గిన్నెలోకి పిండడం. దుకాణంలో పెట్టె మీద ఏ వయసు రాసి ఉన్నా నమ్మేది కాదు. ఇంటికి తెచ్చి బావ మీద ప్రయోగించేది.

బావ బస్సు డ్రైవరు. చేతులు చేటలంత. ఆ చేతులకి రెండేసి సాక్సులు తొడిగి పూసలు ముందు పెట్టేది. మూడేళ్ళ వేళ్ళకి పూస ఎలా ఉంటుందో తెలియాలంటే అదే దారి అని ఆమె నమ్మకం.

"అంత పెద్ద బస్సు తిప్పుతాను, ఈ పూస ఎక్కదేమే?"

"బస్సు సాక్సులు తొడుక్కుని నడపరుగా. కానివ్వండి."

ఉద్యోగం కొత్తలో నేను వాళ్ళింట్లోనే ఉండేవాణ్ణి. ఈ పరీక్షలన్నిటికీ సాక్షిని. మార్కులు వేసే పద్ధతి కూడా నాకు కంఠతా వచ్చు. బావ పళ్ళు నూరితే ఆట మరీ కష్టం. ఆవలిస్తే మరీ తేలిక. "ఉండు, ఇంకోసారి" అన్నాడంటే ఆ ఆట మర్నాడే బడికి వెళ్ళేది.

ఆ ఏడు బడిలో ఒక పిల్ల చేరింది. వేళ్ళు చురుకైనవి. గుండీలు అందరి కన్నా ముందు పెట్టేసేది. నడక దగ్గరే చిక్కు. గోడ వదిలేది కాదు. గదిలో ఈ మూల నుంచి ఆ మూలకి వెళ్ళాలంటే గోడల వెంటే చుట్టి వెళ్ళేది. కాళ్ళలో ఏ లోపమూ లేదని డాక్టరు చెప్పాడట, భయం ఒక్కటే. మిగతావాళ్ళు బయట ఆవరణలో పరుగులు తీస్తుంటే తను వాకిట్లో తలుపు పట్టుకుని నిలబడి చూసేది.

బావ ఆ సంగతి విని "బల్లిపిల్ల అన్నమాట" అన్నాడు.

"మళ్ళీ ఆ మాటంటే మీ భోజనం మీరే వండుకోవాలి," అంది అక్క. తర్వాత నా వైపు తిరిగి, "సెలవులయ్యాక అది పెద్ద బడికి వెళ్తుందిరా. అక్కడ గేటు నుంచి తరగతి దాకా అంతా ఖాళీ మైదానమే. గోడ దాని వెంట రాదుగా," అంది. ఆ పిల్లని సెలవుల్లోపు ఆవరణలోకి నడిపించాలని అక్క పంతం. అప్పటి నుంచి ఇంట్లో పూసలు వెనకబడ్డాయి, నడక ఆటలు మొదలయ్యాయి.

ఒక ఆదివారం వంటింటి బెంచీ హాల్లోకి వచ్చింది. బావని దాని మీద ఎక్కించింది.

"ఇది మనిషి ఎక్కేదేనా?" అన్నాడు బావ.

"ఆ పిల్లకి నేల మీద గీత వెంట నడవడం ఎంత భయమో మీకిది అంత భయం. సరిగ్గా సరిపోయింది."

"నాకు భయమని ఎవరన్నారు?"

"మీ మోకాళ్ళు," అన్నాను నేను.

"బావమరిదీ, నువ్వు కాస్త నీ పని చూసుకో."

బట్టలారేసే తాడు ముక్క ఒక కొస బావ చేతికిచ్చి, రెండోది తను పట్టుకుంది. బావ అడుగులో అడుగు వేస్తూ బయలుదేరాడు. మధ్యలో అక్క నెమ్మదిగా తన కొస వదిలేసింది. బావకి తెలియలేదు, చివరిదాకా నడిచేశాడు. దిగి చూస్తే తాడు నేల మీద ఉంది.

"వదిలేశావా?" అని అరిచాడు. టీ తాగేదాకా ఆమెతో మాట్లాడలేదు. అక్క మాత్రం వెలిగిపోతూ తాడు సంచిలో వేసుకుంది.

మర్నాడు సాయంత్రం మాత్రం ఆమె వాడిన మొహంతో వచ్చింది. గది నడిమి నుంచి వాకిలి దాకా నేల మీద ఎర్ర టేపు అంటించిందట. పిల్ల తాడు పట్టుకుని గీత మీద బాగానే నడిచిందట. సగం దారిలో వెనక్కి తిరిగి చూసింది. అక్క వదిలేసిన తాడు కొస వేలాడుతోంది. అక్కడే కూలబడింది. ఏడవలేదు. పాకుతూ గోడ దగ్గరికి వెళ్ళి, అప్పటిదాకా ఒక చేత్తో పట్టుకునేది, రెండు చేతులతో పట్టుకుంది. ఆ పూట గుండీల గుడ్డ ఇచ్చినా తీసుకోలేదు.

"తాడు దాచేస్తావు కాబోలు రేపు," అన్నాను.

"దాచడమేంట్రా, నా మొహం. అది నన్నే నమ్మడం లేదు."

బావ చెప్పులు విప్పుతూ విన్నాడు. వెక్కిరిస్తాడనుకున్నాను. వెక్కిరించలేదు.

"చూడవే, ఇంత ట్రాఫిక్‌లో రోజంతా బస్సు నడుపుతాను, నాకే బెదురూ లేదు. అదే బస్సులో వేరేవాడు నడుపుతూ నేను పక్కన కూర్చుంటే ప్రతి మలుపులోనూ నా కాలు లేని బ్రేకు తొక్కుతుంది. నిన్న బెంచీ మీదా అంతే. తాడు నీ చేతిలో ఉంది. స్టీరింగ్ నా చేతిలో ఉంటే నేనెందుకు భయపడతాను?"

అక్క లేచి లోపలికి వెళ్ళింది. కాసేపటికి లోపల కత్తెర చప్పుడైంది. వెళ్ళి చూస్తే తాడు ముక్కని గుండ్రంగా చుట్టి, కొసలు కలిపి కుడుతోంది. దాని మీద పాత సాక్సు ఒకటి చీల్చి, పట్టు దొరికేలా తొడిగింది. బావకి ఇచ్చింది. ఆయన రెండు చేతులా పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"హారన్ ఏది?" అన్నాడు.

ముందువైపు ఒక పెద్ద గుండీ కుట్టింది.

ఆ తర్వాత జరిగింది అక్క వంద మందికైనా చెప్పి ఉంటుంది. స్టీరింగ్ పిల్ల ముందు నేల మీద పెట్టి తను దూరంగా వెళ్ళి కూర్చుందట. "రా" అనలేదు, "నడువు" అనలేదు. పిల్ల చాలాసేపు దాన్నే చూసింది. ముందు ఒక చేత్తో అందుకుంది. గుండీ నొక్కింది. అది రెండు చేతులతో పట్టుకోవలసిన వస్తువు. కాబట్టి రెండో చెయ్యి కూడా గోడ వదిలింది.

"ఈ బస్సు ఎక్కడికి వెళ్తుందండీ?" అని అక్క కూర్చున్నచోటి నుంచే అడిగింది.

"నీకు సీటు లేదు," అంది పిల్ల. తాడు వదిలేసిన మోసం ఇంకా మరిచిపోలేదు.

అలా అని ఎర్ర గీత ఎక్కి, నోటితో పెద్దగా చప్పుడు చేసుకుంటూ, ఎవరినీ ఎక్కించుకోకుండా వాకిలి దాటి ఆవరణలోకి వెళ్ళిపోయింది. మధ్యలో ఒకసారి పడింది. లేచి ముందు స్టీరింగ్ చూసుకుని, తర్వాత మోకాలు చూసుకుంది. ఆవరణంతా ఒక చుట్టు తిరిగి వచ్చి అక్క ముందు ఆగి, "ఇంకోసారి" అంది.

సెలవులకి ముందే స్టీరింగ్ ఎక్కడో పారేసుకుంది. వెతుక్కోలేదు కూడా.

పిల్ల ఆవరణ చుట్టొచ్చిన రోజు సాయంత్రం అక్క ఇంటికి వచ్చి అదంతా చెబుతుంటే బావ తనే వెళ్ళి బెంచీ లాక్కొచ్చాడు. "తాడూ వద్దు, ఏమీ వద్దు. చూస్తుండు," అని ఎక్కాడు. ఎక్కాక చేతులు బార్లా చాపి కదలకుండా నిలబడిపోయాడు.

"పడితే పట్టుకుంటావా?"

"పట్టుకోను. నవ్వుతాను."

నడిచాడు.

మొన్న హాల్లో బల్బు మార్చడానికి అదే బెంచీ ఎక్కాడు. నేను కింద నిలబడ్డాను. పైకెక్కి, బల్బు చేతిలో పట్టుకుని, కిందికి నా వైపు చూశాడు.

"నవ్వవేం?" అన్నాడు.

నవ్వాను.