వియ్యపురాలిని ఆటపట్టించిన సాయంత్రం

మా అల్లుడిది డచ్ కుటుంబం. అమెరికాలో, పార్సిప్పనీలోని మా అమ్మాయి వాళ్ళింట్లో డిసెంబరు మొదట్లో సింటర్‌క్లాస్ పండగ చేస్తారు. అందరి పేర్లూ చీటీల మీద రాసి తలా ఒకటి తీస్తారు. ఎవరి పేరొస్తే వాళ్ళకి ఒక కానుకా, వాళ్ళని ఆటపట్టిస్తూ ఒక పాటా రాసి పెట్టాలి. రాసిందెవరో చెప్పరు. అందుకున్నవాళ్ళే దాన్ని అందరి ముందూ పైకి చదవాలి.

మొన్నటి పండక్కి నా చేతికి మా వియ్యపురాలి పేరొచ్చింది. పిల్లనిచ్చినదాన్ని, నేను వెళ్ళి దాని అత్తగారిని వెక్కిరించడమా? ఆవిడ నొచ్చుకుంటే రేపు మాట పడేది మా అమ్మాయే. అందుకని చల్లని మనసు, చక్కని ఇల్లు అంటూ తెగ పొగిడి రాశాను. మా అమ్మాయి చదివి పక్కన పడేసింది.

"అమ్మా, ఇది రిటైర్‌మెంట్ పార్టీ స్పీచ్‌లా ఉంది. టీజ్ చేయకపోతేనే ఆవిడ ఫీలవుతారు. మన పెళ్ళిళ్ళలో భోజనాల దగ్గర వియ్యపురాలి మీద పాటలు పాడతారుగా, అలా రాయి."

నిజమే. వీళ్ళ పెళ్ళి ఇక్కడ కోర్టులో జరగడంతో ఆ ముచ్చట నాకు తీరనే లేదు. ఇక చెయ్యి ఆగలేదు. ఎప్పుడు వాళ్ళింటికి వెళ్ళినా ఆవిడ కాఫీతో ఒక్కటే బిస్కెట్ ఇచ్చి, టప్పున డబ్బా మూత పెట్టేస్తుంది. అది వాళ్ళ అలవాటట. నాకు మాత్రం మొదటిసారే చురుక్కుమంది. 'కాఫీ పోసే చెయ్యి మెత్తన, మూత పెట్టే చెయ్యి చురుకు' అని మొదలుపెట్టి రాసుకుపోయాను. మా అమ్మాయి ఇంగ్లీషులోకి మార్చింది. కానుకగా పెద్ద డబ్బా నిండా జంతికలు పోసి, మూత మాత్రం దాచేశాను.

పండగ సాయంత్రం ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని చదవసాగింది. మూత దగ్గరికి వచ్చేసరికి చదవడం ఆపేసింది. నేను తలెత్తలేదు. చేతులారా కూతురి కాపురంలో నిప్పులు పోశాననుకున్నాను. ముందు మా వియ్యంకుడి నవ్వు వినిపించింది, ఆ వెంటనే ఆవిడది. కళ్ళు తుడుచుకుంటూ మరీ నవ్వుతోంది. హమ్మయ్య, బతికిపోయాను.

కాసేపటికి ఆవిడ వచ్చి నా పక్కన కూర్చుంది.

"మీరే కదా రాసింది? ఇన్నాళ్ళూ మీరు నాతో అంత మర్యాదగా ఉంటుంటే, నేనంటే మీకు గిట్టదేమోనని మా అబ్బాయిని అడిగాను కూడా," అంది.

ఆ ఒక్క బిస్కెట్ చూసిన రోజున నేనూ మా అమ్మాయిని అదే అడిగాను. ఆ సంగతి ఆవిడకి అక్కడే చెప్పేశాను.