కింది పొలం తరఫున

"మీ మామ పోయిండు బిడ్డా" అని అత్తమ్మ ఫోన్ చేసినప్పుడు నేను సోలాపూర్‌లో హోట్గి రోడ్డు మీద ఆటో కోసం నిలబడి ఉన్నాను. బడికి పోవాల్సిన దాన్ని భవాని పేటలో మామ ఇంటికి పోయాను. మృగశిర కార్తె వచ్చి కూడా చినుకు రాలని రోజులవి. ముందు రోజు దాకా ఆకాశాన్ని తిడుతూ తిరిగిన మనిషి, పొద్దున చాయ్ తాగి, గోడకు ఆనుకుని కూర్చుని, అట్లాగే పోయాడు. ఎవరినీ కష్టపెట్టలేదు, మంచి చావు అని వచ్చినవాళ్లంతా అన్నారు. నాకు ఆ మాట నచ్చలేదు. మా మామ లాంటి మనిషికి ఏ చావూ మంచిది కాదు.

మా అమ్మకు ఒక్కడే తమ్ముడు ఆయన. మా తాత పవర్‌లూమ్ మీద టవళ్లు నేసేవాడు. కొడుక్కీ ఆ పనే నేర్పబోయాడు గాని, "వీడు నేసిన టవల్ వీని మొఖానికి కూడా పనికిరాదు" అని కొన్నాళ్లకే చేతులెత్తేశాడు. మామ అక్కడా ఇక్కడా తిరిగి, చివరికి పొలాల్లో వాన నీళ్లు నిలబెట్టే పని చేసే ఒక చిన్న సంస్థలో చేరాడు. నేతోళ్ల ఇంట్లో పుట్టి మన్ను పని ఏందిరా అని గల్లీ అంతా నవ్వింది. కంది మొక్క ఏదో కూడా తెలియని వాడు రైతులకేం చెబుతాడని అడిగితే, "నేను చెప్పనీకి పోతలేను, అడగనీకి పోతున్న" అనేవాడు. పెద్ద మాటలా అనిపించేది గాని, నిజంగానే ఆయనకు చెప్పడానికి ఏమీ తెలియదు అప్పటికి.

మీరు మామను ఏ పెళ్లి భోజనాల దగ్గరో చూసి ఉంటే, పిచ్చివాడనుకునే ఉంటారు. విస్తరి ముందు కూర్చోగానే గ్లాసులోంచి కాసిన్ని నీళ్లు నేల మీద పోసి, అవి ఎటు పారతాయో చూసేవాడు. పక్కవాళ్ల బట్టలు తడిసేవి. "వాటం ఎటున్నదో చూడాలె గద" అని సంజాయిషీ. నా పెళ్లిలో కూడా ఇదే పని చేసి మా మామగారి కొత్త పంచె తడిపాడు. ఆ ముచ్చట ఇప్పటికీ మా అత్తవారింట్లో నడుస్తూనే ఉంది.

నేను టీచరుగా చేరిన కొత్తలో ఒక సెలవు నాడు తను పని చేసే ఊరికి నన్నూ తీసుకుపోయాడు. బస్సులో గంట దూరం. రైతుల సభ అంటే బళ్లోనో పంచాయతీ ఆఫీసులోనో అనుకున్నాను. మామ అందరినీ గుట్ట మీదికి ఎక్కించాడు. వాన ఎక్కడ మొదలవుతుందో సభ కూడా అక్కడే మొదలవ్వాలట. అక్కడ నిలబడి చూస్తే కిందికి దిగుతూ పోయే పొలాలన్నీ కనిపిస్తాయి. గట్టిగా వాన పడితే పై పొలం మన్నంతా కిందికి కొట్టుకుపోతుంది, నీళ్లు నిలవవు, కింది బావులు ఊరవు. ఎక్కడ గట్టు పోయాలి, ఎక్కడ గుంత తవ్వాలి అన్నది రైతులే తేల్చుకోవాలి. మామ పెట్టిన నియమం ఒక్కటే.

"నీ చేను సంగతి నువ్వు చెప్పొద్దు. నీ కింది పొలమాయనకు ఏం కావాల్నో చెప్పు."

మొదట అందరూ నవ్వారు. తర్వాత తిట్టుకున్నారు. కింది వాడికి ఏం కావాలో నాకేం తెలుసని ఒకరు, తెలిసినా నేనెందుకు చెప్పాలని ఒకరు. మెల్లగా మాటలు మొదలయ్యాయి. ఎండలో నా తల పగిలిపోతుంటే మామ మాత్రం పెళ్లికొడుకులా వెలిగిపోతూ తిరిగాడు.

ఒక రైతు మాత్రం తన కింది పొలం మాట ఎత్తలేదు. అందరికన్నా పైన ఉన్న పొలం ఆయనది. పెద్ద గట్టు ఆయన చేను అంచు మీదుగా పోవాలి. ఒక సాలు జొన్న నేల దాని కింద పోతుంది. "నేల పోయేది నాది, ఊరేది కిందోని బావి" అని లేచి వెళ్లిపోయాడు. ఆ కింది పొలం రైతు బావి అప్పటికే అడుగంటింది. ఆ ఏడు కూడా ఊరకపోతే పొలం వదిలేసి సోలాపూర్‌లో మగ్గాల మీద పనికి వస్తానని మామ చెయ్యి పట్టుకున్నాడు. "మగ్గం నాకే రాలే, నీకేం వస్తది" అని మామ నవ్వించబోయాడు గాని ఆ మనిషి నవ్వలేదు.

మిగతావాళ్లంతా ఒప్పుకున్నారు కదా, ఒక్కడి కోసం ఆపడమెందుకని సంస్థవాళ్లు అడిగారు. మామ వినలేదు. "వద్దన్నోని పొలంల గట్టు పోస్తే దాన్ని వాన తెంపదు, మనిషే తెంపుతడు" అన్నాడు. వానాకాలం దగ్గరికొస్తోంది. గట్టు ఎటు పోవాలో చూపే సున్నం గీత ఇంకా పడలేదు. మామకు తిండి సయించేది కాదు.

అట్లాంటి రోజుల్లోనే పై పొలం రైతు తన బిడ్డ పెళ్లికి చాదర్లు కొనడానికి మా కొంతం చౌక్ బజారుకు వచ్చాడు. మామ కంటపడ్డాడు. ఇక వదులుతాడా, ఇంటికి లాక్కొచ్చి భోజనానికి కూర్చోబెట్టాడు. ఆదివారం, నేనూ అక్కడే ఉన్నాను. అత్తమ్మ జొన్న రొట్టెలు, పల్లీల చట్నీ వడ్డించింది. ఆ రోజు నల్లా వచ్చే రోజు కూడా. మా దగ్గర నల్లా రోజూ రాదు, వచ్చిన నాడు ఊపిరి తీసుకునే తీరిక ఉండదు. మామ ఇల్లు గల్లీ మొదట్లో ఉంది. అత్తమ్మ పైపుకు చిన్న మోటర్ పెట్టించుకుంది. అది గుర్రుమంటూ గల్లీ పైపులో నీళ్లన్నీ లాగి డ్రమ్ములు నింపుతోంది.

గల్లీ చివరింట్లో బీడీలు చుట్టుకుని బతికే పెద్దమ్మ ఒకామె ఉండేది. ఖాళీ బిందె పట్టుకుని గడపలోకి వచ్చింది.

"జర రెండు బిందెలు పోస్తవా చెల్లే? మా నల్లా ఒట్టి గాలి ఊదుతున్నది."

అత్తమ్మ పోసింది. చెడ్డది కాదు మా అత్తమ్మ, అడిగిన ప్రతిసారీ పోసేది. రైతు రొట్టె తుంచుతూ మోటరు వంక చూశాడు, బిందె మోసుకుపోతున్న పెద్దమ్మ వంక చూశాడు. మరాఠీలో ఆయనన్నది మన మాటల్లో చెబుతాను.

"సాహెబ్, ఆమెది మీ కింది పొలమే గద? ఆమె తరఫున ఎవరు మాట్లాడతరు?"

ఎత్తిపొడుపుగా అడగలేదు. తెలుసుకుందామన్నట్టే అడిగాడు. అందుకే ఇంకా సూటిగా తగిలింది. మామ చేతిలో రొట్టె ముక్క పళ్లెంలో పడేశాడు. ఎంగిలి చేత్తోనే లేచి, ఎడమ చేత్తో మోటర్ బంద్ చేశాడు. సాయంత్రానికి దాన్ని పైపు నుంచి విప్పేశాడు కూడా. అత్తమ్మ గల్లీ అదిరేట్టు అరిచింది.

"ఊరోళ్ల పొలాలకు నీళ్లు దెస్తడట! నా ఇంట్ల నీళ్లు బంద్ జేసిండు!"

తర్వాత మామ మోటర్లున్న మిగతా ఇళ్లకూ పోయాడు. కొందరు తలుపేసుకున్నారు, కొందరు తిట్టారు, చివరికి విసిగిపోయి విప్పారు. పెద్దమ్మ నల్లాలో సన్నగా ధార మొదలైంది. మా అత్తమ్మ మాత్రం ఆనాటి నుంచి చేత్తోనే నీళ్లు పట్టి మోసింది. నడుము పట్టేసినప్పుడల్లా, "వాని గట్టుల మన్నువొయ్య" అని ఆ రైతును తిట్టేది. గట్టులో మన్నే కదా పోసేది అని మామ నవ్వితే, ఆ తిట్లు మామ వైపు మళ్లేవి.

ఆ రైతు మామ ఇంట్లో అవునని అనలేదు, కాదనీ అనలేదు. రొట్టె తిని, చాదర్లు తీసుకుని వెళ్లిపోయాడు. కాని మళ్లీ గుట్ట మీద సభ పెట్టినప్పుడు అడగకుండానే లేచాడట. "నా కిందోని బావి ఎండింది. ఆయనకు గట్టు కావాలె. కాని గీత నేను గీస్త" అన్నాడు. మామ గీసుకుపోయిన పటం సంచిలోంచి తీయనే లేదు. సున్నం డబ్బా ఆయన చేతికిచ్చాడు. ఆయన గీస్తూ పోతుంటే కింది రైతు వెంట నడిచి, సగం గట్టు తన వైపు జరపమన్నాడు. ఇద్దరి నేలా సమంగా పోయేట్టు గీత వంకర తిరిగింది. ఈ కథ మామ ఎన్నిసార్లు చెప్పాడో! చెప్పిన ప్రతిసారీ ఆ గీత ఇంకాస్త పొడుగయ్యేది. వినీ వినీ విసుక్కునేదాన్ని. ఇప్పుడు ఇంకొక్కసారి చెప్పమని అడగాలని ఉంది.

కింది రైతు ఊరు విడిచి రాలేదు.

మామ పోయిన నాడు వాళ్లిద్దరూ ఒకే బండి మీద వచ్చారు, ఇద్దరూ పాడెకు భుజం పట్టారు. అత్తమ్మ పై పొలం రైతు వంక కన్నెత్తి చూడలేదు. పదో రోజు అయిపోయాక వాన పడింది, ఆగకుండా పడింది. ఆ రైతే ఫోన్ చేశాడు. "వహినీ, ఒక్కసారి వచ్చి చూసి పోండి" అన్నాడు, వదినా అని. అన్నేళ్లలో ఒక్కనాడూ ఆ ఊరి మొఖం చూడని మా అత్తమ్మ, పోదాం పద అంది.

గట్టు వెనక నీళ్లు నిలిచి ఉన్నాయి. వంకర తిరిగిన గట్టు పొడుగునా, బురద రంగులో, కదలకుండా. రైతు తలపాగా తీసి చేత్తో పట్టుకుని పక్కన నిలబడ్డాడు. అత్తమ్మ చెప్పులు విడిచి, నా చెయ్యి వదిలించుకుని, పిక్కల దాకా నీళ్లలోకి దిగింది.

"ఇవి నా మోటర్ నీళ్లు" అంది ఆయనతో, మరాఠీలో. "మంచిగ చూసుకో."

ఆ తర్వాత చాలాసేపు అక్కడే నిలబడింది. చీర అంచు తడిసి నీళ్ల మీద తేలుతున్నా ఎత్తుకోలేదు.