అతుకుల ట్యూబుకు గాలి

సిస్టరమ్మ పోయిందని మొన్న పొద్దున టీ కొట్టతను చెప్పాడు. కుర్చీలో కూర్చున్న మనిషి కూర్చున్నట్టే పోయిందట. గాలి కొట్టబోయిన పంపు నా చేతిలోనే ఆగిపోయింది.

ఇబ్రహీంపట్నం బస్టాండు పక్కన నా సైకిల్ దుకాణం. సిస్టరమ్మ తన సైకిల్ నా దగ్గర వదిలి, బస్సెక్కి పట్నంలో పెద్ద దవాఖానకు నర్సు డ్యూటీకి పోయేది. ఊపిరాడని రోగులకు మిషన్లు పెట్టే వార్డు ఆమెది. సాయంత్రం వచ్చి, సైకిల్ ఎక్కేముందు టైరును బొటనవేలితో నొక్కి చూసేది. నా పని మీద నమ్మకం లేక కాదట. “చెయ్యి ఊకుండదన్నా” అనేది.

టైరంటే గుర్తొచ్చింది. శేరిగూడ కాలేజీ పిల్లల బండ్లు పెరిగాక అందరూ నన్ను గాలి మిషను పెట్టమన్నారు. పెట్టలేదు. మిషనుకు ట్యూబు వయసేం తెలుస్తుంది? ఈ ముక్క నాది కాదు, సిస్టరమ్మ దగ్గర నేర్చిందే.

ఒకప్పుడు నిమోనియాతో నా భార్యను ఆ వార్డులోనే వేశారు. నోట్లో గొట్టం, పక్కన మిషను. మిషను పెట్టారంటే మనిషి లేనట్టేనని మావాళ్ల నమ్మకం. మా బామ్మర్ది అప్పుడే చావుకు వేసే టెంటు కోసం ఫోను కలిపాడు. నేను మాత్రం నా భార్య ఛాతీనే చూస్తున్నాను. అది లేచీ లేవనట్టు లేస్తోంది. జీవితమంతా గాలి కొట్టినవాణ్ణి, ఉండబట్టలేదు.

“ఏం సిస్టరమ్మా, గింతే గాలా? నిండ గొట్టరాదు!”

“అతుకులేసిన ట్యూబుకు కొత్తదానికి కొట్టినంత కొడ్తవా అన్నా?”

“పగుల్తది గదా!”

“మరి? వదినె ఊపిరితిత్తులు సగం మూసుకపోయినయ్. మిగిలిన సగానికే మొత్తం గాలి పట్టిస్తే అది గూడ పాడైతది. ఎనుకట మేం నిండనే కొట్టేటోళ్లం. నిండ గొట్టి, నిండ గొట్టి...” ఆగింది. “ఇప్పుడు జరజరంతనే. ఫికర్ జెయ్యకు. ముందుగాల నీ బామ్మర్దిని ఇంటికి తోలు.”

ఆమె ఆగినచోట పోయినవాళ్లు ఎందరున్నారో నేనడగలేదు.

తర్వాత ఊపిరి బాగా ఆడాలని నా భార్యను బోర్లా పడుకోబెట్టారు. మిషను మీద అంకెలు కనబడుతున్నా, సిస్టరమ్మ వచ్చిపోయినప్పుడల్లా ఆ వీపు మీద అరచెయ్యి ఆన్చి కాసేపు నిలబడేది. తొమ్మిదో రోజు గొట్టం తీశారు. మాట పెగలగానే నా భార్య అడిగింది, “టెంటు ఎవడు జెప్పిండు?” సిస్టరమ్మ నవ్వు దాచుకోను కిటికీ వైపు తిరిగింది.

పోయినవారం సిస్టరమ్మ పంక్చరైన తన సైకిల్ నా దగ్గర వదిలిపోయింది. “తొందరేం లేదన్నా” అంది.

నిన్న బాగుచేశాను. అతుకు మీద అతుకు. తీసుకుపోను ఎవరూ రారని తెలుసు. అయినా కొంచెం కొంచెంగా, ఆగి ఆగి కొట్టాను. అన్నం డబ్బా తెచ్చిన నా భార్య వంగి, టైరును బొటనవేలితో నొక్కింది.

“సాలు” అంది.