పర్రకు కట్ట వేసిన మనిషి

కోల్డ్‌హేవెన్‌లో పిలుపును బట్టి మనిషి స్థితి తెలిసిపోయేది. చర్చి సంఘంలో చేరినవాడు ‘సోదరుడు’. చేరనివాడు ఎంత వయసువాడైనా వట్టి ‘గుడ్‌మన్’. జెర్విస్ పిండర్ ఆ ఊళ్ళో పదకొండేళ్ళ పాటు గుడ్‌మన్ పిండర్‌గానే ఉన్నాడు. విశ్రాంతి దినాన ప్రార్థన మందిరానికి వెళ్ళేవాడు. వెళ్ళకపోతే జరిమానా కట్టాలి. వెనక బల్ల మీద కూర్చుని, చలికి మునివేళ్ళు కొంకర్లు పోతుంటే చంకల్లో పెట్టుకుని, రెండు గంటల ప్రసంగం కదలకుండా వినేవాడు.

అతనిది ఇంగ్లండులో లింకన్‌షైరు బురద నేలల ప్రాంతం. తాత, తండ్రి, మేనమామలు అందరూ కట్టలు పోసి నీళ్ళను బయటికి నెట్టి బతికినవాళ్ళే. నేలను పాదంతో తొక్కి చూసి ఎక్కడ కుంగుతుందో, ఎక్కడ నిలుస్తుందో జెర్విస్ చెప్పగలిగేవాడు. 1638లో అమెరికాలోని బాస్టన్ రేవులో దిగేనాటికి అతని ఆస్తి పొడుగాటి పార ఒకటి. పక్కన భార్య ఏవిస్. వెనక జ్వరం నుంచి లేచి ఇంకా తూలుతూ జేబెజ్ క్రేన్.

జేబెజ్ ఓడలో పరిచయమైనవాడు. దారిలో అతనికి ఓడజ్వరం తగిలితే తోటివాళ్ళంతా పక్కలు దూరం జరుపుకున్నారు. జెర్విస్ మాత్రం తన వంతు మంచినీళ్ళు అతని నోట్లో పోశాడు, వాంతులు ఎత్తాడు. తగ్గాక ఇద్దరూ ఒకే చెక్క గిన్నెలో బఠానీ గంజి తాగారు. అలా కలిసే కోల్డ్‌హేవెన్ చేరి, పక్కపక్కనే ఇళ్ళు వేసుకున్నారు. గొడ్డలి ఒకరిదైతే రంపం ఇంకొకరిది.

ఆ ఊరికి వెనక వైపు నేలంతా రాళ్ళే. ఏరి పారేసిన పొలంలోనే, శీతాకాలం మంచు కరిగేసరికి మళ్ళీ బండెడు రాళ్ళు పైకి లేచేవి. ముందు వైపు పోటుకి మునిగే బురద నేల, ఉప్పు పర్ర, దాని నడుమ వంకర్లు తిరిగే పాయ, దాని అవతల సముద్రం. మొక్కజొన్నలు తినడానికి సరిపోతే అదే గొప్ప. డబ్బు వచ్చేది పశువుల వల్ల. దక్షిణాన పంచదార దీవుల్లో దొరలు చెరుకు తప్ప ఇంకేమీ పండించరు. అక్కడికి ఉప్పు వేసిన మాంసం పీపాలకెత్తి పంపేవాళ్ళు. పశువు బతకాలంటే ఆరు నెలల చలికి ఎండుగడ్డి కావాలి. గడ్డి ఎవరిదో ఊరు వాళ్ళది.

జేబెజ్ త్వరగా పైకి వచ్చాడు. మాట చక్కగా ఉండేది, కన్నీళ్ళు కూడా వేళకి వచ్చేవి. ఆరేళ్ళలో సంఘం వ్యవహారాలు చూసే డీకన్ అయ్యాడు. ఒకనాడు జెర్విస్ పెరట్లోకి వచ్చి కట్టెల మీద కూర్చున్నాడు.

“ఆ పర్రకి కట్ట వేస్తే ఏమవుద్దిరా?”

“ఉప్పు దిగిపోద్ది. రెండేళ్ళ వానకి నేల కడుక్కుంటుంది. ఆ తర్వాత మన దేశం గడ్డి చల్లితే మొలుస్తుంది.”

“వెయ్యగలవా?”

“మనుషుల్నిస్తే వేస్తా. మరి నాకేంటి?”

“పాయ మలుపు దగ్గర పదెకరాలు. ఎక్కడ కావాలో నువ్వే ఏరుకో. పెద్దలతో మాట్లాడే వచ్చాను.”

“కాగితం మీద రాయిస్తావా?”

జేబెజ్ నవ్వాడు. “నీకూ నాకూ మధ్య కాగితమేంట్రా? నీ గిన్నెలో తిన్నోణ్ణి.”

అడిగినందుకు జెర్విస్‌కి సిగ్గేసింది. ఆ వారమే పని మొదలుపెట్టాడు.

మూడు వేసవులు పట్టింది. సముద్రం వెనక్కి తీసినప్పుడే పని. పోటు వచ్చేలోగా బయటికి రావాలి. గడ్డి వేళ్ళతో సహా బురదను పెచ్చులుగా కోసి, ఇటుకల్లా పేర్చి, నడుమ జిగట మట్టి కూరి, మనిషి ఎత్తు కట్ట లేపాడు. ఊరివాళ్ళు వంతులవారీగా వచ్చేవాళ్ళు, దోమలకి తాళలేక పొద్దెక్కగానే వెళ్ళిపోయేవాళ్ళు. జెర్విస్ ముఖానికి పంది కొవ్వు పూసుకుని చీకటి పడే దాకా బురదలో నిలబడేవాడు. పాయకు అడ్డంగా ఓకు కలపతో తూము పెట్టాడు. దాని తలుపు పోటు నీటికి తనంతట తానే మూసుకునేది, తీసినప్పుడు తెరుచుకుని లోపలి నీళ్ళు వదిలేసేది. అలాంటిది అంతకుముందు ఆ తీరంలో ఎవరూ చూడలేదు. పాస్టరు గారు కూడా వచ్చి చూసి, దేవుడు ఎర్ర సముద్రాన్ని విడదీసిన సంగతి చెప్పి వెళ్ళారు.

ఆ పాయలోనే, కట్ట కంటే చాలా ముందు నుంచి, ఆ నేల ఆదివాసులు గుంజలు పాతి చేపలు పట్టుకునేవాళ్ళు. వాళ్ళలో ఒక నడివయసు ఆవిడ ఈల్ చేపలు తెచ్చి ఊళ్ళో గుడ్డకీ సూదులకీ మార్చుకునేది. ఆమె అసలు పేరుకు ఊళ్ళో ఎవరి నోరూ తిరగక హన్నా అనేవాళ్ళు. తూము గుంతలు తవ్వుతున్నప్పుడు ఆమె గట్టున నిలబడి అడిగింది.

“ఇది మూసేస్తే చేప ఎట్లా వస్తుంది?”

“తలుపు ఉంది గదమ్మా. తెరుచుకుంటుంది. చేపలు వస్తాయి,” అన్నాడు జెర్విస్.

కొన్ని వస్తాయేమో అనుకున్నాడు. ఎక్కువ రావని కూడా అతనికి తెలుసు. పని ఆగకూడదని అలా చెప్పాడు. రెండో వసంతానికి ఆమె మళ్ళీ వచ్చింది, బుట్ట ఖాళీగా.

“వస్తాయన్నావు.”

“ఊరు చేసిన నిర్ణయం, నా చేతుల్లో ఏముంది?”

“నేను ఊరిని అడగలేదు. నిన్ను అడిగాను,” అని ఆమె వెళ్ళిపోయింది. మళ్ళీ ఊళ్ళోకి రాలేదు. ఆ మాట అతనికి చాలా రోజులు అన్నం ముందు కూర్చున్నప్పుడల్లా గుర్తొచ్చేది. అయినా కట్ట మీదికి వెళ్ళి చూసుకుంటే మనసు మళ్ళీ పొంగేది.

1649 వేసవిలో పర్రంతా మోకాలెత్తు తియ్యటి గడ్డి. ఊరంతా కొడవళ్ళు పట్టుకుని దిగింది. కోతలయ్యాక పంపకాల సభ అన్నారు. సభకి నెల ముందు జేబెజ్ వచ్చాడు. ఈసారి కూర్చోలేదు.

“చిన్న చిక్కొచ్చిందిరా. పర్ర భూమి సంఘస్థులకే అని పెద్దలు తీర్మానం చేశారు.”

“నాకిస్తానన్నది?”

“ఇవ్వనని ఎవరన్నారు? నువ్వు సంఘంలో చేరు, అయిపోద్ది. అందరి ముందూ నిలబడి, దేవుడు నీ మనసు ఎట్లా మార్చాడో చెప్పాలి, అంతే. ఏవిస్ ఏడేళ్ళ కిందటే చెప్పలేదూ? నేను నేర్పిస్తా.”

నేర్పించాడు కూడా. మధ్యాహ్నాలు తన పశువుల కొట్టంలో, గడ్డి మోపు మీద కూర్చోబెట్టి, ఏ వాక్యం ఎక్కడ చెప్పాలో, ఎక్కడ తల దించాలో చూపించాడు. నాలుగో రోజున మెల్లగా అడిగాడు.

“మనసులో ముల్లు ఏదైనా ఉంటే ఇప్పుడే చెప్పు. సభలో తెలియక నోరు జారితే కష్టం. నాతో చెప్తే నేను సరిచేస్తా.”

జెర్విస్ మోపులోంచి ఒక గడ్డిపోచ లాగి తుంచాడు. అతనికీ ఏవిస్‌కీ పుట్టిన మొదటి బిడ్డ, ఆడపిల్ల, తొమ్మిది రోజులు బతికింది. అప్పటికి భార్యాభర్తలిద్దరూ సంఘంలో లేరు. సంఘస్థుల బిడ్డలకే బాప్తిస్మం. అది లేకుండానే పిల్లను మట్టిలో పెట్టారు. అది లేని బిడ్డకు నరకమే అని ఊరి నమ్మకం. తర్వాత ఏవిస్ సంఘంలో చేరింది, రెండో పిల్ల పేషెన్స్‌కి బాప్తిస్మం దొరికింది. మొదటి పిల్ల ఊసు ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

“తొమ్మిది రోజుల పిల్లరా,” అన్నాడు జెర్విస్ చివరికి. “కళ్ళు కూడా సరిగ్గా తెరవలేదు. దాన్ని నిప్పుల్లో వేశాడంటే, ఆ దేవుడికి ఆమెన్ అనడానికి నాకు నోరు రావట్లేదు. ప్రార్థనలో పెదాలు కదుపుతాను, అంతే.”

జేబెజ్ అతని భుజం పట్టుకుని ఏడ్చాడు. నిజంగానే ఏడ్చాడు, ఆ సంగతి జెర్విస్ తర్వాత ఎన్నిసార్లు తిరగేసుకున్నా అబద్ధమనుకోలేకపోయాడు. “ఇది ఎవరితోనూ అనకు. ఆ ముక్క వదిలేసి మిగతాది చెప్పు,” అన్నాడు జేబెజ్.

సంఘంలో చేర్చుకునే సభ నాడు మందిరం నిండిపోయింది. ఆడవాళ్ళు ఒక వైపు, మగవాళ్ళు ఒక వైపు. జెర్విస్ కొత్తగా ఉతికిన కాలరు వేసుకుని ముందుకు వచ్చి, నేర్చుకున్నది తడబడకుండా చెప్పాడు. ముసలివాళ్ళు తలలూపారు. పాస్టరు గారు, “ఎవరికైనా అభ్యంతరముందా?” అని అడిగారు. అది ఎప్పుడూ అడిగే మాటే. ఎప్పుడూ ఎవరూ లేవరు.

జేబెజ్ లేచాడు.

“నా మనస్సాక్షి నన్ను కూర్చోనివ్వట్లేదు,” అన్నాడు. ఆ తర్వాత కొట్టంలో విన్నదంతా చెప్పాడు: నిప్పులు, తొమ్మిది రోజులు, ఆమెన్. ఒక్క మాట కలపలేదు, ఒక్క మాట తీయలేదు.

పాస్టరు గారు జెర్విస్ వైపు తిరిగారు.

“గుడ్‌మన్ పిండర్, నువ్వు ఈ మాటలన్నావా?” అన్నారు పాస్టరు గారు.

లేదంటే సరిపోయేది. సాక్షి లేడు. ఊరికి కట్ట వేసిన మనిషి మాట నమ్మడానికి సగం మంది సిద్ధంగానే ఉన్నారు. జెర్విస్ ఆడవాళ్ళ వైపు చూశాడు. ఏవిస్ అతన్ని కాకుండా తన చేతుల వైపు చూసుకుంటోంది. ఆ పిల్ల గురించి అన్న మాటను తానే లేదనడం అతని వల్ల కాలేదు.

“అన్నాను,” అన్నాడు.

సంఘం అతన్ని తీసుకోలేదు. పై వారం పంపకాలు జరిగాయి. పాయ మలుపు పదెకరాలు జేబెజ్ వాటాకు ఆనుకుని ఉన్నాయి గనుక, అతని వాటాలోనే కలిశాయి.

అతన్ని తోసిపుచ్చిన నాడు మందిరం నుంచి ఇంటికి ఏవిస్ అతని కంటే ముందు నడిచింది. ఇంట్లోకి వచ్చి, దుప్పటంగీ తీసి మేకుకి తగిలించి, అప్పుడంది.

“తొమ్మిదేళ్ళయ్యా. నాతో ఒక్కసారి అన్లేదు నువ్వు.”

“నువ్వు సంఘంలో చేరావు. దేవుడి చిత్తమని ఒప్పుకున్నావు. నీతో ఎట్లా చెప్పను?”

“ఒప్పుకోకపోతే రెండోదానికి బాప్తిస్మం ఇస్తారా? దీన్నన్నా కాపాడుకోవాలని అందరి ముందూ నిలబడి ఆ మాట అన్నాను. అని ఇంటికొచ్చి, నువ్వు పర్రలో ఉంటే ఒక్కదాన్నే గోడకి తల కొట్టుకున్నాను. నువ్వు మర్చిపోయావనుకున్నానయ్యా ఇన్నాళ్ళూ. నాకు చెప్పాల్సిన మాట పట్టుకెళ్ళి వాడికి చెప్పావు.”

జేబెజ్ చేసిన దానికంటే ఆ మాట జెర్విస్‌లో ఎక్కువ లోతుకు దిగింది.

పంపకాలైన మర్నాడు అతను జేబెజ్ కొట్టం దగ్గరికి వెళ్ళాడు. జేబెజ్ గడ్డి ఎత్తుతున్నాడు, ఆగలేదు.

“ఎందుకు చేశావురా?”

“‘రా’ అనే ఆ పిలుపు ఇక కుదరదు. డీకన్‌ని.”

“సరే. ఎందుకు చేశారు, సోదరుడు క్రేన్ గారూ?”

“నేను విన్నదాన్ని దాచి నిన్ను చేర్పిస్తే ఆ పాపం నాకు. నీకు అర్థం కాదు.”

“నన్ను అడిగి మరీ చెప్పించుకున్నావు గదా.”

“దేవుడు అడిగించాడు.”

“పదెకరాలు కొలిచింది కూడా ఆయనేనా? ప్రార్థన ముందు చేశావా, కొలత ముందు వేశావా? అదొక్కటి చెప్పు, పోతాను.”

జేబెజ్ గడ్డికర్ర కింద పెట్టి, చాలా శాంతంగా అన్నాడు: “నీ కోసం రోజూ ప్రార్థిస్తాను.”

జెర్విస్ కొట్టడానికి వచ్చినవాడే. ఆ ముఖంలో ఎక్కడా దొంగతనం కనిపించలేదు. తను మంచి పనే చేశానని జేబెజ్ నిజంగా నమ్ముతున్నాడు. అలాంటివాణ్ణి కొట్టి ఏం లాభమనిపించి వెనక్కి వచ్చేశాడు.

వసంతంలో వాళ్ళు ఊరు విడిచారు. వేరే ఊళ్ళో సంఘంలో చేరాలంటే ఇక్కడి సంఘం ఉత్తరం ఇవ్వాలి. ఏవిస్ అడిగితే, భర్త సంగతి తేలేదాకా ఇచ్చేది లేదన్నారు. “అయితే మీ దగ్గరే ఉంచుకోండి,” అని ఆమె పేషెన్స్ చెయ్యి పట్టుకుని గుమ్మం దిగింది. ఆమె జీవితంలో పెద్దల ముందు గొంతు లేపింది ఆ ఒక్కసారే.

దక్షిణాన నారగాన్సెట్ అఖాతంలోని దీవి మీద, ఎవరి నమ్మకం ఏమిటని ఎవరూ అడగని చోట దిగారు. భూమి చాలా కాలం దొరకలేదు. జెర్విస్ ఇతరుల పొలాలకు కాలవలు తవ్వాడు, తర్వాత గొర్రెలు పెంచాడు. వయసు మళ్ళాక మోకాళ్ళు పట్టేసి కర్ర లేకుండా నడవలేకపోయేవాడు. రాత్రి పూట ఏవిస్ వేడి ఇసుక మూట కాపడం పెడుతూ ఆ చిన్న పిల్ల గురించి మాట్లాడేది. దానికి పేరు పెట్టలేదని అతనంటే, మనసులో ఒకటి పెట్టుకున్నానని ఆమె అంది. ఆ పేరు ఆమె అతనికి చెప్పింది. ఇంకెవరికీ చెప్పలేదు.

అతనికి ఒక అలవాటు మాత్రం పోలేదు. ఎవరు ఏ మాట ఇచ్చినా సాక్షి కావాలనేవాడు. పక్కింటివాడు నిచ్చెన అడిగితే కూడా, “మీ ఆవిణ్ణి పిలు, ఆవిడ ముందు చెప్పు,” అనేవాడు. దీవిలో అందరూ నవ్వుకునేవాళ్ళు.

ఆ పక్కింటివాడు లెమ్యుయెల్ స్ట్రేంజ్, పడవలు చేసేవాడు. మంచి మనిషి. జెర్విస్ గొర్రెలు తప్పిపోతే వానలో వెతికి తోలుకొచ్చాడొకసారి. ఒక సాయంత్రం ఇద్దరూ పొయ్యి దగ్గర సారా తాగుతున్నారు.

“ఏంటయ్యా జెర్విస్, ఎప్పుడూ ఏదో మింగుతున్నట్టుంటావు. ఏముంది మనసులో? నాతో చెప్పు, తేలికవుద్ది,” అన్నాడు లెమ్యుయెల్.

జెర్విస్ గ్లాసు కింద పెట్టి, కర్ర అందుకుని, గొర్రెల దొడ్డి తలుపు చూసి వస్తానని బయటికి వెళ్ళాడు. లెమ్యుయెల్ చాలాసేపు కూర్చుని ఇంటికి వెళ్ళిపోయాడు.

“పాపం, మంచోడయ్యా అతను,” అంది ఏవిస్, జెర్విస్ లోపలికి వచ్చాక.

“అవును,” అన్నాడు జెర్విస్. “మంచోడే. నేనేం కాదన్లేదు.”

తలుపు గడియ వేసి వచ్చి పడుకున్నాడు.